ఒక ఇంటికి ఒక టిన్ను

సత్యవేణి ఆ టిన్ను తెచ్చి నా ముందు పెట్టిన సాయంత్రం నుంచి నాకు శ్యామసుందర్ అంటే పడదు. అప్పటికి ఆ మనిషిని నేను కళ్ళతో చూడను కూడా లేదు.

కలకత్తాలో ఖిదిర్‌పూర్ బజారు వెనక సందులో మా బేకరీ. మా అంటే ఇద్రిస్ చాచాది. పొయ్యి పని మాత్రం నాది. కట్టెల పొయ్యి, లోపల ఒక చిన్న గదంత ఉంటుంది. పొద్దున్న రొట్టెలు, మధ్యాహ్నం బన్నులు, పొయ్యి చల్లారుతున్నప్పుడు టోస్ట్ బిస్కట్లు. ఆ సాయంత్రం బన్నుల ట్రేలు బయటికి లాగి చెమట తుడుచుకుంటుంటే వెనక నుంచి గొంతు వినబడింది.

"రమణా, ఖాళీగా ఉన్నావా?"

"నీకు నేనెప్పుడు ఖాళీగా కనబడలేదు?"

"ఒక పనుంది. నువ్వు కాదన్నావంటే నా పరువు పోయినట్టే."

సత్యవేణి సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. మెడలో ఆ ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. వాళ్ళ తాత, మా తాత శ్రీకాకుళం నుంచి ఒకే రైల్లో వచ్చి ఇక్కడ ఓడల డాకులో కూలికి చేరారు. పోర్టు క్వార్టర్స్‌లో మా తలుపూ వాళ్ళ తలుపూ ఎదురెదురు. చిన్నప్పుడు నన్ను ఏడిపించింది. పెద్దయ్యాక కూడా ఏడిపిస్తూనే ఉంది. ఆమె అంటే నాకు ప్రాణం. ఆ ముక్క ఆమెకి తెలియదు, ఎందుకంటే నేను చెప్పలేదు. చెబితే నవ్వుతుందేమోనని భయం. నవ్వి ఎదురింటి తలుపు వేసేసుకుంటే పొద్దున్నే ఎవరి ముఖం చూసి పనికి వెళ్ళాలి?

సంచిలోంచి టిన్ను తీసింది. మన కేకు టిన్నుల్లాగ పల్చటి రేకు కాదు. నల్లగా, బరువుగా, అంచులు మందంగా ఉంది.

"ఏటిది?"

"దీన్లో కార్న్‌బ్రెడ్ కాల్చాలి. దాంతో డ్రెస్సింగ్ చెయ్యాలి."

"అంటే?"

"మొక్కజొన్న పిండితో రొట్టె కాలుస్తాం కదా, దాన్ని గాలికి ఎండబెడతాం. గట్టిపడ్డాక చిదుపుతాం. ఉల్లిపాయలు, సెలరీ కాడలు వెన్నలో వేయించి కలుపుతాం. గుడ్లు, చికెన్ ఉడికించిన నీళ్ళు పోస్తాం. మళ్ళీ పొయ్యిలో పెడతాం."

"కాల్చిన రొట్టెని చిదిపి మళ్ళీ కాల్చాలా? మొదటిసారే సరిగ్గా కాలిస్తే పోతాది కదా."

"జోకులొద్దు రమణా. గురువారం అమెరికావాళ్ళ పండగ. ఆఫీసులో అందరూ ఇంటి దగ్గర ఏదో ఒకటి చేసి తెస్తారు. నేను ఇది తెస్తానని అందరి ముందూ చెప్పేశాను."

"ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పమనలేదు. శ్యామ్ రెండేళ్ళు అలబామాలో ఉన్నాడు. అద్దెకున్న ఇంట్లో ముసలావిడ పండక్కి చేసి పెట్టేదంట. ఇండియా వచ్చాక మళ్ళీ తినలేదు, కలకత్తాలో ఇలాంటివి దొరకవు అన్నాడు. కలకత్తాలో దొరకనిది ఏటుంది అన్నాను. రోషం వచ్చింది."

"శ్యామ్ ఎవరు?"

"మా టీమ్ లీడ్. శ్యామసుందర్. హైదరాబాద్."

"ఈ టిన్ను?"

"అతనిదే. వచ్చేటప్పుడు ఆ ముసలావిడే ఇచ్చిందంట."

నా ఒళ్ళు మండిపోయింది. ఎందుకో మీకు తెలియాలంటే మా బేకరీ పద్ధతి తెలియాలి.

మా ఖిదిర్‌పూర్‌లో క్రిస్మస్ కేకు అందరిదీ. హిందువులు, ముస్లిములు, కిరస్తానీలు అని తేడా లేదు. ఇళ్ళలో కేకు కాల్చే పొయ్యిలు ఉండవు కాబట్టి పిండి కలుపుకొని, టిన్ను పట్టుకొని మా దగ్గరికి వస్తారు. మేం కాల్చి ఇస్తాం. ఒక ఇంటికి ఒక టిన్ను. చాచా గడపలో కూర్చొని వచ్చిన ప్రతి మనిషినీ ఒకే మాట అడుగుతాడు, "ఎవరి ఇల్లు?" అని. ఒకరికి బెంగాలీ, ఇంకొకరికి ఉర్దూ, మాకు తెలుగు, కాబట్టి పేర్లు రాసే గొడవ పెట్టుకోడు. పిండి మీద ఇంటికొక గుర్తు పెడతాడు. ఒకరికి జీడిపప్పు, ఒకరికి ఎండుద్రాక్ష. మాకు రెండు లవంగాలు, అమ్మకొకటి, నాకొకటి.

పేటలో ఎవరి ఇల్లు చీలిందో, ఎవరి ఇల్లు కలిసిందో మాకు టిన్నులే చెబుతాయి. అన్నదమ్ములు దుర్గాపూజకి కొట్టుకున్నారంటే డిసెంబరులో రెండు టిన్నులు వస్తాయి. క్వార్టర్స్‌లో పుష్పరాణి అక్క పెళ్ళి సంగతి వాళ్ళ నాన్నకంటే ముందు చాచాకి తెలిసింది. తను కలిపిన పిండి డ్రైవర్ వెంకటేశు వాళ్ళ టిన్నులో పోసుకొని వచ్చింది. అది చూసి చాచా ముబారక్ అన్నాడు. ఆడపిల్ల పిండి ఇంకో ఇంటి టిన్నులో పడిందంటే మా బేకరీ లెక్కలో పెళ్ళయిపోయినట్టే.

ఇప్పుడు చెప్పండి. సత్యవేణి పిండి. శ్యామసుందర్ టిన్ను. మండకుండా ఎలా ఉంటుంది?

"మన టిన్నులు చాలా ఉన్నాయి, వాటిలో కాలుద్దాం" అన్నాను.

"దీన్లో కాలిస్తేనే అడుగు ఎర్రగా వస్తాదంట."

"శ్యామ్ చెప్పాడా?"

"శ్యామే చెప్పాడు. ఏం?"

"ఏం లేదు."

ఈ మనిషి ఏనాడైనా నాకు టీ కాచి ఇచ్చిందా అంటే లేదు. మ్యాగీ చేస్తే అడుగంటిస్తుంది. అలాంటిది ఆ రోజు చున్నీ నడుముకి చుట్టుకొని, ఫోనులో చూసుకుంటూ, పెరుగు, గుడ్లు, పిండి కలిపి గిన్నె మీద వంగిపోయింది. ముక్కు మీద పిండి అంటుకుంది. తుడుచుకోమని చెప్పలేదు. చూడడానికి బాగుంది.

ఆ రొట్టె మాడ్చేయాలని నాకు ఉండింది, కాదనను. చెయ్యి ఒప్పుకోలేదు. అడుగు ఎర్రగా, పైన బంగారు రంగుగా దించాను. వాసనకి చాచా కూడా లేచి వచ్చాడు.

"అబ్బ, శ్యామ్ చూస్తే పొంగిపోతాడు" అంది సత్యవేణి.

"పొంగమను."

"ఏటన్నావు?"

"జాగ్రత్తగా పట్టుకెళ్ళు, వేడిగా ఉంది అన్నాను."

ఆ టిన్నుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొని వెళ్ళింది. నేను మిగిలిన బన్నులు ఎంత విసురుగా బుట్టలో వేశానంటే, "బన్నులు నిన్నేం చేశాయి బేటా?" అని చాచా ఉర్దూలో అడిగాడు.

మర్నాడు ఆమె ఆఫీసువాళ్ళు విక్టోరియా మెమోరియల్ ముందు దిగిన ఫొటో ఫోనులో వెతికి పట్టాను. సత్యవేణి పక్కన పొడుగ్గా, సన్నగా, నీలం చొక్కా. వాళ్ళిద్దరి మధ్య ఎంత జాగా ఉందో పెద్దది చేసి చూశాను. నా బొటనవేలు పట్టింది. అంతే. చాచా నా భుజం మీదుగా తొంగి చూసి, "కుర్రాడు బాగున్నాడు" అన్నాడు. ఆ పూట నేను చాచాతో మాట్లాడలేదు.

బుధవారం సత్యవేణికి ఇంటి నుంచే పని. మధ్యాహ్నం ఖాళీ టిన్ను పట్టుకొని బేకరీకి పరిగెత్తుకుంటూ వచ్చింది. వెనకాలే వాళ్ళ నాయనమ్మ గురవమ్మ, రొప్పుకుంటూ, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకొని.

"రమణా, రొట్టె పోయింది" అంది సత్యవేణి. 

"పోవడమేటి?"

"నాయనమ్మ అందరికీ పెట్టేసింది."

"నాకేటి తెల్సు బావూ" అంది గురవమ్మ, గట్టు మీద కూలబడి. "అల్మారా మీద మూత లేకుండా ఒగ్గీసింది. ముట్టుకుంటే రాయిలాగ ఉంది. పిల్ల మర్సిపోనాది, పాడైపోతాది అనుకున్నాను. పాలు కాసి, బెల్లం ఏసి నానబెట్టి క్వార్టర్స్‌లో అందరికీ గిన్నెల్లో ఎట్టాను. బాగున్నాది అన్నారు."

"అది ఎండాలనే పెట్టాను నాయనమ్మా. ఆఫీసుకి పట్టుకెళ్ళాలి."

"సద్ది రొట్టి పండగనాడు పదిమందికి ఎట్టుకెళ్తావేటే? మన కొంపలో సుట్టాలకి నిన్నటిది ఏనాడైనా ఎట్టామా? మీ తాత ఉంటే నిన్ను గుమ్మం దాటనిచ్చునా?"

ఆవిడ తప్పేం లేదు. మా ఇళ్ళలో నిన్నటి అన్నం మనం తింటాం, వచ్చినవాళ్ళకి మాత్రం వేడివేడిగా వండి పెడతాం. రొట్టె కావాలని ఎండబెట్టి పదిమందికి పట్టుకెళ్తారని ఆవిడ కలలో కూడా అనుకోదు.

నాకు మాత్రం లోపల డప్పులు మోగాయి. దేవుడున్నాడు అనుకున్నాను. గురవమ్మ మామ్మ రూపంలో వచ్చి ఆ నల్ల టిన్ను ఖాళీ చేసి పోయాడు. శ్యామసుందర్ గురువారం ఏ బిర్యానీయో తిని ఊరుకుంటాడు.

అప్పుడు సత్యవేణి ముఖం చూశాను. ఏడవడం లేదు. ఏడుపు ఆపుకుంటోంది. అది ఇంకా కష్టంగా ఉంది చూడడానికి.

డప్పులు ఆగిపోయాయి.

"పిండి ఉందా?" అన్నాను.

"అయిపోయింది. భవానీపూర్‌లో పంజాబీల కొట్టులోనే దొరికింది. ఉన్నా ఏం లాభం? ఎండడానికి రెండు రోజులు పట్టాలి." అంటూనే ఆగింది. ట్రేలో ఉన్న టోస్ట్ బిస్కట్ల వైపు చూసింది. "రమణా, ఇవి మీరెలా ఎండబెడతారు?"

"రొట్టె ముక్కలు కోసి, పొయ్యి చల్లారేటప్పుడు లోపల పెట్టేస్తాం."

"అయితే నా రొట్టె కూడా పెట్టొచ్చు కదా?"

"పెట్టొచ్చు."

ఆమె కళ్ళు నా మీద పడ్డాయి. ఎవరి కోసం అయితేనేం, ఆ చూపు నాది అనుకున్నాను.

"నువ్వు ఉల్లిపాయలు చూసుకో. పిండి నేను తెస్తాను" అని బస్సెక్కాను.

వెళ్ళేటప్పుడు మబ్బుగా ఉంది. వచ్చేటప్పుడు వాన. నవంబరులో కలకత్తాకి వాన ఎందుకో ఆ వానకే తెలియాలి. బంగాళాఖాతంలో ఏదో వాయుగుండం పట్టిందట. గొడుగు లేదు. పిండి పొట్లం చొక్కా లోపల దోపుకొని, పైన చేతులు కట్టుకొని, బస్సు దిగి సందులో పరిగెత్తాను. చూసినవాళ్ళు కడుపునొప్పి అనుకొని ఉంటారు. పరిగెడుతూ శ్యామసుందర్‌ని తిట్టుకున్నాను. అలబామా ముసలావిడని కూడా కాస్త తిట్టుకున్నాను. పోయి పోయి మొక్కజొన్న రొట్టేనా నేర్పేది? టీ నేర్పి ఉంటే సరిపోయేది.

గుమ్మంలోకి రాగానే సత్యవేణి ఎదురొచ్చింది.

"పిండి తడిసిందా?"

నీళ్ళు కారుతున్నాయి నా జుట్టులోంచి. "తడవలేదు" అన్నాను. నువ్వు తడిశావా అని ఆమె అడగలేదు. పొట్లం తీసుకొని ఆ వెచ్చదనం చూసి ఒక్క క్షణం ఆగింది, అంతే. తర్వాత మూలనున్న పొడి గోనెసంచి తెచ్చి నా నెత్తిమీద పడేసి, "తుడుచుకో, జలుబు చేస్తాది" అంది.

రొట్టె మళ్ళీ కాలింది. ముక్కలు కోసి, చల్లారుతున్న పొయ్యిలోకి తోశాం. గురవమ్మ మామ్మ చేసిన పనికి ప్రాయశ్చిత్తంగా చికెన్ ఉడికించి నీళ్ళు పంపింది. బయట వాన. లోపల మేమిద్దరం బల్లకి చెరోపక్క. సత్యవేణి ఉల్లిపాయలు కోస్తోంది. నేను సెలరీ కాడలు కడుగుతున్నాను.

"మూతి ఎందుకలా పెట్టావు?" అంది.

"ఉల్లిపాయల ఘాటు."

"ఉల్లిపాయలు కోస్తున్నది నేను."

"గాలి ఇటు కొడుతోంది."

"ఎక్కడా గాలి లేదు." కత్తి ఆపి నా వైపు చూసింది. "నీకు శ్యామ్ అంటే ఎందుకంత కోపం? నువ్వతన్ని చూడలేదు కూడా."

"ఫొటోలో చూశాను."

"ఎందుకు చూశావు?"

దొరికిపోయాను. సెలరీ కాడ ఇంకోసారి కడిగాను.

"జనవరిలో అతను హైదరాబాద్ వెళ్ళిపోతున్నాడు" అంది కాసేపటికి.

ఇంత మంచి వార్త ఇంత ఆలస్యంగా చెప్పడమేటి అనుకున్నాను. పైకి, "మంచిది, ఊరు చేరుకుంటాడు" అన్నాను.

"నన్ను కూడా అక్కడి టీమ్‌కి రమ్మంటున్నాడు."

బయట వాన ఒక్కసారిగా పెద్దదయింది. కాదు, నాకే అలా వినబడిందేమో.

"వెళ్తావా?"

"నువ్వేటంటావు?"

కత్తి ఆగింది. ఆమె నా ముఖంలోకే చూస్తోంది. చెప్పవలసింది ఒక్క మాట. వెళ్ళకు. మూడక్షరాలు. పొయ్యిలో రొట్టెలు పెట్టి తీసే మనిషికి ఆ మాట నోట్లోంచి తియ్యడం రాలేదు. దానికి తోడు బల్ల మీద ఆ నల్ల టిన్ను నిగనిగలాడుతూ కనబడుతోంది. 

"నన్నడుగుతావేటి? నీ ఇష్టం. నీ ఆఫీసు. నీ శ్యామ్."

సత్యవేణి ఉల్లిపాయల్ని అవసరం లేనంత సన్నగా తరిగింది.

గురువారం తెల్లవారగానే డ్రెస్సింగ్ పొయ్యిలోంచి తీశాను. పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా, వెన్న, ఉల్లి వాసన. శ్యామ్ ఇచ్చిన ఏదో ఎండు ఆకు పొడి కూడా అందులో పడింది. గురవమ్మ మామ్మ ఆ సీసా వాసన చూసి, ఇది ఒళ్ళునొప్పులకి పనికొస్తాదా అని అడిగిందట. సత్యవేణి టిన్నుకి గుడ్డ కడుతుంటే సందు మొదట్లో క్యాబ్ ఆగింది.

దిగాడు శ్యామసుందర్. ఫొటోలో కంటే పొడుగున్నాడు. ఇది అన్యాయం.

"బ్రదర్, మీరేనా రమణబాబు? నిన్న మీరు పడ్డ కష్టమంతా సత్య మెసేజ్ పెట్టింది. మస్తు థాంక్స్."

సత్య అట. మేం ఎవరం ఆమెని సత్య అనలేదు ఎప్పుడూ.

"ఒక్క ముక్క రుచి చూడనా?" అని గుడ్డ కొంచెం తొలగించి మూల నుంచి తీసుకొని నోట్లో పెట్టుకున్నాడు. బాగాలేదు అంటాడేమోనని నేను కాచుకొని ఉన్నాను. అంటే రెండు మాటలు అనాలని సిద్ధం చేసుకున్నాను కూడా.

అతను కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆమె పోయిన ఎండాకాలం చనిపోయింది, బ్రదర్. మా ఇంటి ఓనరమ్మ. నేను పోలేకపోయిన. ఇది అచ్చం ఆమె చేతిదే."

సిద్ధం చేసుకున్న మాటలు మింగేశాను. మనిషి మంచివాడైతే తిట్టుకోవడానికి కూడా ఉండదు. ఇదింకో బాధ.

క్యాబ్ దగ్గరికి నడుస్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఆదివారం మా అమ్మానాన్న హైదరాబాద్ నుంచి వస్తున్నరు. సత్య వాళ్ళింటికి. వాళ్ళ అమ్మగారితో మాట్లాడిన, రమ్మన్నరు. మీరు కూడా ఉండాలె, పక్కింటోళ్ళు కదా."

నేను సత్యవేణి వైపు చూశాను. ఆమె టిన్ను గుడ్డకి ముడి మీద ముడి వేస్తోంది. తల ఎత్తలేదు.

"ఎదురింటోళ్ళం" అన్నాను. "పనుంటాది. చూస్తాను."

క్యాబ్ కదిలింది. వెనక సీటులో సత్యవేణి ఒళ్ళో నల్ల టిన్ను. ఆ పక్కన శ్యామసుందర్. ఈసారి మధ్యలో ఎంత జాగా ఉందో కూడా కనబడలేదు.

ఆదివారం నేను పొయ్యి లోపల బూడిద ఎత్తాను. ఆ పని వచ్చే నెలలో చెయ్యవలసింది. మా అమ్మ వాళ్ళింటికి వెళ్ళి వచ్చి ఏదో చెప్పబోతే కంచం ముందు నుంచి లేచిపోయాను. గురవమ్మ మామ్మ బజారులో కనబడి, "ఒరే రమణా" అంటే వినబడనట్టు వేరే సందులోకి తిరిగాను. సత్యవేణి లేవకముందే పనికి వెళ్ళి, వాళ్ళ తలుపు వేశాక ఇంటికి వచ్చేవాణ్ణి. ఆమె కూడా బేకరీ వైపు రాలేదు. ఒకసారి వరండాలో ఎదురుపడితే, "బతికే ఉన్నావా?" అంది. "ఉన్నాను" అన్నాను. "సంతోషం" అని తలుపు వేసుకుంది. అంత కోపం ఎందుకో నాకు అర్థం కాలేదు. కోపం రావలసింది నాకు కదా.

పెళ్ళి కుదిరిపోయిందనే అనుకున్నాను. జనవరిలో హైదరాబాద్. ఆ ఎదురు తలుపుకి తాళం పడదు, వాళ్ళమ్మా నాయనమ్మా ఉంటారు, కానీ నాకు మాత్రం అది తాళం పడిన తలుపే.

డిసెంబరు వచ్చింది. సందు నిండా టిన్నులు. సాయంత్రం అయ్యేసరికి బేకరీ ముందు వరస బజారు దాకా పోతుంది. చాచా గడపలో ఎత్తుపీట వేసుకొని, పక్కన లవంగాలు, జీడిపప్పు, ద్రాక్ష గిన్నెలు పెట్టుకొని కూర్చున్నాడు. "ఎవరి ఇల్లు?" అనడం, గుర్తు పెట్టడం, టిన్ను నాకు అందించడం. నేను పొడుగు కర్రతో పొయ్యిలోకి తోయడం.

వరసలో గురవమ్మ మామ్మ కనబడింది. వెనకాల సత్యవేణి. చేతిలో మూత పెట్టిన గిన్నె.

నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. చెవులు మాత్రం అటే ఉన్నాయి.

"ఎవరి ఇల్లు?" అన్నాడు చాచా.

"మా ఇల్లే, ఎవరిదేటి, ఏటేటా అడుగుతావు" అంది గురవమ్మ, వాళ్ళ పాత టిన్ను ముందుకి తోస్తూ. చాచా ఒక జీడిపప్పు గుచ్చాడు.

"ఆ అమ్మాయి గిన్నె?"

"దానిది నాకు తెలీదు. అదే సెప్తాది" అని మామ్మ పక్కకి జరిగింది. ఆవిడ నవ్వు ఆపుకుంటోందని నాకప్పుడు తెలియదు.

నేను ఆగలేక తిరిగాను. "టిన్ను లేకుండా వచ్చావేటి? ఆ నల్ల టిన్ను తేవలసింది. అడుగు ఎర్రగా కాలుతాది కదా."

"ఇచ్చేశాను" అంది సత్యవేణి. "ఆదివారమే ఇచ్చేశాను."

"ఏ ఆదివారం?"

"వాళ్ళమ్మా నాన్నా వచ్చిన ఆదివారం. నువ్వు బూడిద ఎత్తిన ఆదివారం."

వరసలో మాటలు ఆగిపోయాయి. మా పేటలో ఇలాంటివి వినడానికి భాష రానక్కర్లేదు.

"ఎందుకిచ్చేశావు?"

"వాళ్ళమ్మగారు చాలా మంచావిడ. ఆ అమెరికా వంట ఎలా చేశావమ్మా అని అడిగింది. చెప్పాను. రమణ కాల్చాడు, నాయనమ్మ పంచేసింది, రమణ భవానీపూర్ వెళ్ళాడు, వాన వచ్చింది, రమణ పిండి చొక్కాలో దాచుకొని తను తడిసిపోయాడు, పొట్లం ముట్టుకుంటే వెచ్చగా ఉంది, నేను పిండి తడిసిందా అని అడిగాను, అతన్ని అడగలేదు, అది నాకు రాత్రంతా గుచ్చుకుంది. ఇలా చెప్పుకుంటూ పోయాను. టీలు చల్లారిపోయాయి. ఎవరూ తాగడం లేదు."

"తర్వాత?"

"శ్యామ్ అన్నాడు. సత్యా, నువ్వు ఎవరి గురించి చెబుతున్నావో నీకు వినబడుతోందా అని." ఆమె గొంతు తగ్గింది. "అప్పుడు వినబడింది."

 అప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట ఏమిటో చెబితే నవ్వుతారు.

"అది కూడా వాడే కనిపెట్టాడా?"

"చూశావా మామ్మా ఈడి కుళ్ళు" అని మా అమ్మ గొంతు వినబడింది. ఎప్పుడొచ్చిందో వరస చివర మా టిన్ను పట్టుకొని నిలబడి ఉంది. నాకు తప్ప అందరికీ అన్నీ తెలుసని అప్పుడు అర్థమైంది.

"కుళ్ళే" అన్నాను. దాయడానికి ఇంకేం మిగల్లేదు. "ఆ టిన్ను నీ చేతిలో చూసినప్పటి నుంచీ కుళ్ళే. హైదరాబాద్ వెళ్ళొద్దు అని ఆ రోజే చెప్పాలి. ఇప్పుడు చెబుతున్నాను. వెళ్ళకు సత్యవేణీ."

"అడిగిన రోజు చెప్పడానికి ఏమైంది?"

"భయం."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ భయమే. కానీ నువ్వు టిన్ను లేకుండా వచ్చావు."

ఆమె కళ్ళు తడిశాయి. పెదాలు మాత్రం ఏడిపించడానికి సిద్ధంగా వంకర తిరిగాయి. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన నవ్వే.

ఇద్రిస్ చాచాకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ఆయన పని ఆయన చెయ్యాలి. గిన్నె వైపు చూపించి, గొంతు సవరించుకొని, మామూలుగా అడిగే మాటే అడిగాడు.

"ఎవరి ఇల్లు, బేటీ?"

సత్యవేణి వరస చివరికి నడిచి వెళ్ళి, మా అమ్మ చేతిలోంచి మా టిన్ను తీసుకుంది. దాన్లో సగమే పోసి ఉంది పిండి. అమ్మ కావాలనే సగం కలిపిందని తర్వాత ఒప్పుకుంది. తెచ్చి చాచా ముందు పెట్టి, తన గిన్నె వంచి, పైదాకా నింపింది.

"రమణ ఇల్లు" అంది.

చాచా రెండు లవంగాలు గుచ్చాడు. నా వైపు ఒకసారి చూసి, గిన్నెలోంచి మూడోది తీసి ఆ రెండింటి మధ్యా పెట్టాడు. ముబారక్ అన్నాడు. గురవమ్మ మామ్మ నా బుగ్గ గిల్లి, "ఇంక సందులంట పారిపోకు" అంది. నేను ఆ టిన్ను పొయ్యిలోకి తోసి, అది కాలేదాకా పక్కకి కదల్లేదు.

ఫిబ్రవరిలో పెళ్ళి. శ్యామసుందర్ హైదరాబాద్ నుంచి వస్తానని ఫోను చేశాడట. మనిషి మంచివాడే, రానివ్వండి, కడుపునిండా భోజనం పెడతాను. కానుకగా ఆ నల్ల టిన్నే మాకు ఇచ్చేస్తానన్నాడని సత్యవేణి ఒకటే మురిసిపోతోంది.

వద్దని చెప్పమన్నాను. ఒక ఇంటికి ఒక టిన్ను చాలు.